మిసెస్ రామ్‌సే మేజోడు: చదువుతూ అల్లేవాళ్ళ కోసం ఒక చర్చ

ఊలుబంతి (హైదరాబాద్), నవంబరు 9, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. వర్జీనియా వుల్ఫ్ 1927లో రాసిన ‘టు ది లైట్‌హౌస్’ పోయిన వారం రెండోసారి పూర్తి చేశాను. మొదటిసారి చదివినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, అల్లిక రాదు. ఇప్పుడు నలభై ఆరు. ఆరేళ్ళుగా ఏ రోజూ సూదులు పట్టకుండా నిద్రపోలేదు. ఈసారి చదివింది అసలు వేరే నవలేమో అనిపించింది.

కథలో మిసెస్ రామ్‌సే ఎర్రటి గోధుమరంగు మేజోడు ఒకటి అల్లుతూ ఉంటుంది. అది దీపస్తంభం కాపలాదారు కొడుకు కోసం. ఆ పిల్లవాడికి తుంటి ఎముకకు క్షయ. మర్నాడు పడవ వెళితే ఆ మేజోడు పంపాలని ఆమె ఆశ. పొడవు సరిపోతుందో లేదో చూడటానికి తన చిన్న కొడుకు జేమ్స్ కాలికి ఆనించి కొలుస్తుంది. ఎవరో పిల్లవాడి కోసం తనను కొలతబద్దగా నిలబెట్టారని జేమ్స్‌కు అసూయ. కావాలనే కదులుతాడు. మేజోడు పొట్టిగా ఉంటుంది. చాలా పొట్టిగా.

ఇరవై రెండేళ్ళప్పుడు ఈ చోటు నేను గమనించనే లేదు. ఈసారి పుస్తకం మూసి పక్కన పెట్టాను. మా అక్క మనవడికి స్వెట్టర్ అల్లి భుజాలకు ఆనించి చూసిన రోజు గుర్తుకొచ్చింది. నేను అల్లేలోపల వాడు పెరిగిపోయాడు. చేతిలో ఉన్న పని చాలదని తెలిసిన ఆ క్షణం అల్లినవాళ్ళకు తెలుస్తుంది. వుల్ఫ్‌కు తెలుసు.

ఆ మేజోడు అల్లాలని నిర్ణయించుకున్నాను. రచయిత్రి కుట్ల లెక్క ఇవ్వలేదు కాబట్టి మీ సాయం కావాలి. ఇలాగే పాత నవలల్లో మీ కంట పడిన అల్లికలు ఉంటే అవి కూడా చెప్పండి.

---

ఉత్తరపు కిటికీ (ఎడిన్‌బరో), నవంబరు 9, రాత్రి 11.15

ఊలుబంతి గారూ, మీ మాటలు చదివి వెంటనే పుస్తకం తీశాను. నవల జరిగేది స్కాట్లాండ్‌లోని స్కై ద్వీపంలో. కానీ వుల్ఫ్ మనసులో ఉన్న దీపస్తంభం గాడ్రెవీది. అది ఇంగ్లండ్ నైరుతి కొసన, కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్ ఎదుట ఉంది. చిన్నప్పుడు వేసవులన్నీ వాళ్ళ కుటుంబం అక్కడే గడిపేది.

మీకు పనికొచ్చే సంగతి ఒకటి. ఆ మేజోడును వుల్ఫ్ ఒకచోట ‘హెదర్ మిక్స్చర్’ అంటుంది. ఇది ఒక రంగు పేరు కాదు, దారం తయారైన పద్ధతి పేరు. దారం వడికాక రంగు వేయరు. ఉన్నిగా ఉండగానే వేరువేరు రంగులు అద్ది, ఆ పోగులను కలిపి దువ్వి వడుకుతారు. దూరం నుంచి చూస్తే ఎర్రటి గోధుమరంగు. దగ్గర పెట్టుకుంటే అందులో ఊదా, ఆవాల పసుపు, నాచుపచ్చ కనిపిస్తాయి. ఇక్కడి కొండల మీద హెదర్ పొదలు కూడా అలాగే ఉంటాయి. నేను వారానికి రెండుసార్లు వాటి మధ్య నడుస్తాను.

ఒకే రంగు ముద్దగా ఉన్న దారం మాత్రం కొనకండి. ఆ నవలకు అది అతకదు.

వుల్ఫ్ స్వయంగా అల్లేది. ఆమె అక్క వెనెస్సా బెల్ 1912లో వేసిన చిత్రంలో ఆమె నారింజ రంగు కుర్చీలో, చేతుల్లో అల్లికతో కూర్చుని ఉంటుంది. లండన్‌లోని జాతీయ చిత్తరువుల ప్రదర్శనశాలలో ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను.

---

రెండో వరస (బెంగళూరు), నవంబరు 10, ఉదయం 7.05

లెక్క నేను వేస్తాను. 2.5 మిల్లీమీటర్ల సూదులు, మేజోళ్ళకు వాడే సన్న దారం (100 గ్రాములకు సుమారు 400 మీటర్లు వచ్చేది) తీసుకుంటే పది సెంటీమీటర్లకు 30 కుట్లు రావాలి. ఎనిమిదేళ్ళ పిల్లవాడి పిక్క చుట్టుకొలత 25 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే 75 కుట్లు. మేజోడు కాలిని పట్టి ఉండాలి కాబట్టి పదోవంతు తగ్గించి 68 తో మొదలుపెట్టండి. పిక్క కిందినుంచి వెనకవైపు రెండేసి కుట్లు తగ్గించుకుంటూ చీలమండ దగ్గరికి 52 కు రండి. అక్కడినుంచి మడమ, పాదం.

నవలలో మేజోడు మూతి దగ్గర ఉక్కు సూదులు ఒకదానికొకటి అడ్డంగా ఉన్నాయని రాసింది. అంటే రెండు వైపులా మొనలున్న పొట్టి సూదులు, నాలుగో ఐదో. ఇప్పుడు మనం వాడే తీగ సూది (రెండు మొనలను తీగతో కలిపినది) కాదు. మీరు కూడా ఉక్కు సూదులతోనే అల్లితే బాగుంటుంది. చల్లగా, బరువుగా ఉంటాయి. ఆ చప్పుడు వేరు.

---

కొత్త సూది (విజయవాడ), నవంబరు 10, మధ్యాహ్నం 1.30

నేను రెండు నెలల క్రితమే మొదలుపెట్టాను. ఒక సందేహం. చదువుతూ అల్లడం ఎలా సాధ్యం? నాకు ఒక్క వరస అల్లాలన్నా చూపు సూది మీదే ఉండాలి. పుస్తకం పట్టుకోవడానికి మూడో చెయ్యి కావాలి. ఫోనులో పుస్తకం పెట్టుకుని వింటూ అల్లుతున్నాను. అది చదవడం కాదని మా అన్నయ్య అంటాడు.

---

ఊలుబంతి, నవంబరు 10, రాత్రి 8.50

కొత్త సూది గారూ, ముందు చేతులకు చూపు రావాలి. ఆరు నెలలు పడుతుంది, కంగారు పడకండి. గుండ్రంగా, లెక్క లేకుండా సాగే సాదా అల్లికతో మొదలుపెట్టండి. మేజోడు కాలిభాగం అందుకు చాలా మంచిది. పుస్తకాన్ని వంటింట్లో వాడే చెక్క పీట లాంటి దానికి ఆనించి, పేజీలకు రెండు వైపులా బట్టలారేసే క్లిప్పులు పెట్టండి. మడమ తిప్పేటప్పుడు, అంటే మేజోడు మడమ దగ్గర వంపు అల్లేటప్పుడు మాత్రం పుస్తకం మూసెయ్యాలి. జాలీ అల్లికలప్పుడు కూడా అంతే.

ఎలిజబెత్ గాస్కెల్ ‘క్రాన్‌ఫర్డ్’లో మిస్ మాటీ చలికాలం సాయంత్రాలు చీకట్లోనే రెండు మూడు గంటలు అల్లుతుంది. కొవ్వొత్తి ఖర్చు తగ్గించడానికి. రెండు కొవ్వొత్తులుంటే ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి వెలిగిస్తుంది. రెండూ ఒకే పొడవున ఉంటే, ఎవరైనా వచ్చినప్పుడు రెండూ వెలిగించి ఎప్పుడూ అలాగే వెలుగుతాయన్నట్టు కూర్చోవచ్చు. పేదరికాన్ని ఇంత మర్యాదగా దాచుకునే మనిషి కథ ఇంకొకటి నేను చదవలేదు. చీకట్లో అల్లగలిగే వేళ్ళు ఆమెవి. ఎన్నేళ్ళు అల్లితే అలా వస్తుందో ఆలోచించండి.

ఇక మీ అన్నయ్య గారి మాట గురించి. మన ఇళ్ళల్లో భారతం, భాగవతం ఎంతమంది కళ్ళతో చదివారు? అరుగు మీద ఒకరు చదివితే పదిమంది విన్నారు. విని కంఠతా పట్టారు. వాళ్ళకు భారతం రాదని ఎవరైనా అనగలరా?

---

పాత అట్టలు (గుంటూరు), నవంబరు 11, ఉదయం 6.20

నేను అల్లను. మా ఆవిడ అల్లేది, నేను పక్కన కూర్చుని పైకి చదివేవాణ్ణి. ఆమె పోయి నాలుగేళ్ళు. ఈ చర్చలో నాకు చోటుందని అనిపించి రాస్తున్నాను.

1980లలో మాస్కోలో వైద్యం చదివాను. టాల్‌స్టాయ్‌ను రష్యన్‌లో చదివే భాగ్యం అలా దక్కింది. ‘అన్నా కెరినినా’ మొదటి భాగంలో, భర్త మోసం బయటపడ్డాక డాలీ ఇంటికి అన్నా వస్తుంది. ఆ సమయానికి డాలీ కొడుకు చేత ఫ్రెంచి పాఠం చదివిస్తూ ఒక దుప్పటి అల్లుతూ ఉంటుంది. ఎప్పటినుంచో సాగుతున్న దుప్పటి అది. మనసు బాగాలేనప్పుడల్లా దాన్ని చేతిలోకి తీసుకుంటుందని టాల్‌స్టాయ్ అంటాడు. ఇప్పుడు కూడా కుట్లు లెక్కపెట్టుకుంటూ వేళ్ళు విదిలిస్తూ అల్లుతోందని రాస్తాడు. ఏడుపు గురించి ఒక్క మాట లేదు. ఆ దుప్పటి ఎంత పొడవుందో చెబితే చాలు, ఆ కాపురం ఎలా గడిచిందో తెలిసిపోతుంది.

ఇంగ్లీషు అనువాదాల్లో కొందరు దాన్ని రెండు సూదుల అల్లిక అన్నారు, కొందరు కొక్కెం సూదితో అల్లే క్రోషే అన్నారు. మా ఆవిడ ఏది సరైనదని పట్టుబట్టి అడిగింది. మూలంలో చూస్తే ఉన్నది ‘వ్యజాత్’ అనే క్రియ. రష్యన్లో రెండింటికీ అదే మాట. మన ‘అల్లడం’ లాగా. తెలుగులో జడ అల్లుతాం, పూలు అల్లుతాం, బుట్ట అల్లుతాం, తడిక అల్లుతాం, స్వెట్టర్ అల్లుతాం, కథ అల్లుతాం. ఆ వాక్యాన్ని ఇంగ్లీషు కంటే తెలుగులోకి తేవడమే తేలిక.

---

గోదావరి లేసు (పాలకొల్లు), నవంబరు 11, రాత్రి 10.10

పాత అట్టలు గారూ, మీ మాటలు మా అమ్మకు చదివి వినిపించాను. మీ ఆవిడ గారు ఏమేమి అల్లేవారో తీరిక ఉన్నప్పుడు చెప్పమని అడుగుతోంది.

కథ అల్లడం అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. ‘అల్లసానివారి అల్లిక జిగిబిగి’ అని చిన్నప్పుడు బళ్ళో చెప్పుకున్నాం కదా. పెద్దన కవిత్వానికి ఆ మాట ఎందుకు వాడారో లేసు అల్లడం నేర్చుకున్నాకే నాకు అర్థమైంది. జిగి అంటే మెరుపు. బిగి అంటే పట్టు. దారం మరీ బిగిస్తే లేసు ముడుచుకుని గట్టిపడుతుంది, మెరుపు చచ్చిపోతుంది. వదులుగా పట్టుకుంటే మెరుస్తుంది గాని ఆకారం నిలవదు. రెండూ ఒకేసారి ఉండటం కష్టం. చూపుడువేలు మీద దారం ఎంత గట్టిగా చుట్టాలో మా అమ్మమ్మ నాకు నేర్పడానికి ఒక ఎండాకాలం పట్టింది. పద్యానికి కూడా అలాంటి వేలు ఒకటి కావాలన్నమాట.

---

పాత అట్టలు, నవంబరు 12, ఉదయం 6.05

అమ్మా, యాభై ఏళ్ళుగా ఆ చాటువు నోటికి వచ్చు. బిగి అంటే దారం బిగి అని ఒక్కసారి కూడా తోచలేదు. పెద్దన ‘స్వారోచిష మనుసంభవము’ మళ్ళీ తీస్తాను. మా ఆవిడ ఎక్కువగా తలపాగా టోపీలు, శాలువలు అల్లేదని మీ అమ్మగారికి చెప్పండి. ఒక బూడిదరంగు శాలువ సగంలో ఉంది. సూదులతో సహా అలాగే ఉంచాను.

---

రెండో వరస, నవంబరు 12, రాత్రి 9.30

టాల్‌స్టాయ్ పేరు వచ్చింది కాబట్టి నేను ఏడాదిగా తలపెట్టిన పని చెబుతాను. ‘యుద్ధము - శాంతి’ చివర ఉపసంహారంలో ఆనా మకారొవ్నా అనే దాది ఉంటుంది. తనకొక్కదానికే తెలిసిన రహస్య పద్ధతిలో ఒకే సూదుల మీద రెండు మేజోళ్ళు ఒకేసారి అల్లుతుంది. పూర్తయ్యాక పిల్లలందరినీ చుట్టూ నిలబెట్టి, ఒక మేజోడు లోపలినుంచి రెండోది బయటికి లాగుతుంది. పిల్లలకు అది పండగ. నెపోలియన్ యుద్ధం, మాస్కో తగలబడటం, ఇన్ని చావులు, అన్నీ దాటి వచ్చాక టాల్‌స్టాయ్ మనకు చూపించేది ఇది. ఆ పేజీ దగ్గర నాకు ప్రతిసారీ కళ్ళు చెమరుస్తాయి.

ఇది కల్పన కాదు, నిజంగా చేయవచ్చు. రెండు దారపు బంతులు తీసుకుని కుట్లు ఒకటి విడిచి ఒకటి ఎత్తుకోవాలి. మొదటి దారంతో నిట్ (నున్నగా కనిపించే కుట్టు), రెండో దారంతో పర్ల్ (గింజలా పైకి లేచే కుట్టు), అలాగే చివరిదాకా. నిట్ కుట్లన్నీ బయటి మేజోడు, పర్ల్ కుట్లన్నీ లోపలిది. రెండు దారాలు ఒక్కచోట మెలిపడితే చాలు, అక్కడ రెండూ అతుక్కుపోతాయి. నాలుగుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లు మడమ దగ్గర అతుక్కుంది. నాలుగోసారి మడమ దాటాను.

---

కొండదారి (పాడేరు), నవంబరు 13, సాయంత్రం 5.45

నేను ఇక్కడ బడిలో తెలుగు పంతుల్ని. అల్లిక రాదు. కానీ నవలల్లో అల్లిక అనగానే నాకు గుర్తొచ్చేది మదాం డిఫార్జ్. తెన్నేటి సూరి గారి ‘రెండు మహానగరాలు’ తొమ్మిదో తరగతిలో చదివాను. డికెన్స్ 1859లో రాసిన నవల అది. ఫ్రెంచి విప్లవంలో చనిపోవాల్సిన వాళ్ళ పేర్లన్నీ ఆమె తన అల్లికలో గుర్తులుగా అల్లి దాస్తుంది. సారాకొట్టులో కూర్చుని ఎవరినీ చూడనట్టు అల్లుతూ అందరినీ చూస్తుంది. ఆ వయసులో నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు. నిజంగా అలా పేర్లు అల్లవచ్చా?

---

రెండో వరస, నవంబరు 13, రాత్రి 8.00

అల్లవచ్చు మాస్టారూ. అల్లికలో ప్రాథమికంగా ఉన్నవి రెండే కుట్లు. నిట్ నున్నగా కనిపిస్తుంది, పర్ల్ చిన్న గింజలా పైకి లేస్తుంది. తంతి (టెలిగ్రాం) భాషలో చుక్క, గీత ఉన్నట్టే. ఇంగ్లీషు అక్షరం ఏదైనా నాలుగు గుర్తుల్లో ఇమిడిపోతుంది. ఎనిమిది అక్షరాల పేరు ఒకటి, మధ్య ఖాళీలతో కలిపి, నలభై కుట్ల లోపే. చూసేవాళ్ళకు ఏదో పొడలపొడల అల్లికలా ఉంటుంది. తంతి భాష విప్లవం తర్వాత వచ్చింది కాబట్టి ఆమె గుర్తులు వేరై ఉండాలి, లెక్క మాత్రం ఇంతే.

---

ఊలుబంతి, నవంబరు 13, రాత్రి 9.20

డికెన్స్ మీద నాకు ఎంతో గౌరవం. కానీ ఒకచోట ఆయనతో ఏకీభవించలేను. మదాం డిఫార్జ్ పట్టీలోంచి ఒక్క అక్షరం చెరపడం కంటే మనిషి తనను తాను లోకంలోంచి చెరిపేసుకోవడం తేలికని ఆమె భర్త చేత చెప్పిస్తాడు. అల్లినవాళ్ళు ఈ మాట అనరు. లోకంలో మనిషి చేసే వస్తువుల్లో అల్లిక అంత తేలికగా చెరిగేది ఇంకొకటి లేదు. చివరి కుట్టు విప్పి దారం లాగితే నెల రోజుల పని ఐదు నిమిషాల్లో ఊడిపోతుంది.

గ్రీకు కవి హోమర్ చెప్పిన పెనెలొపీని చూడండి. మామగారి శవవస్త్రం పగలు నేసి రాత్రి విప్పుతూ మూడేళ్ళు పెళ్ళికొడుకులను ఆపింది. అది నేత కాబట్టి విప్పడానికి రాత్రంతా పట్టేది. అల్లిక అయితే దీపం వెలిగించేలోపు అయిపోయేది. డికెన్స్ అల్లేవాళ్ళను బాగా చూశాడు, ఆ చూపు నిజం, ఆ చప్పుడు నిజం. ఆయన సూదులు పట్టి ఉండడు.

---

ఉత్తరపు కిటికీ, నవంబరు 14, తెల్లవారుజామున 2.10

కాదండీ, ఇక్కడ నేను డికెన్స్ వైపు. విప్పాలంటే కొస దొరకాలి. ఆ కొస ఎప్పుడూ మదాం డిఫార్జ్ చేతిలోనే ఉంటుంది. అల్లిక సూదుల మీద ఉన్నంతకాలం అది ఆమె ఒంట్లో భాగం. మొదలుపెట్టిన వైపు నుంచి లాగితే తేలికగా ఊడదు, మీకూ తెలుసు. అలా చూస్తే ఆమె భర్త మాట సరైనదే. చెరపగలిగేది ఆమె ఒక్కతే, ఆమె చెరపదు. భయం పుట్టేది అక్కడే.

దారం విప్పినా అది కుట్ల ఆకారంలో వంకీలు తిరిగి ఉంటుంది కదా. కడిగి, బరువు కట్టి ఆరేస్తే గాని తిన్నగా కాదు.

---

ఊలుబంతి, నవంబరు 14, ఉదయం 6.40

‘కొస ఆమె చేతిలో ఉంది.’ ఈ మాట ముందు నా వాదన నిలవదు. ఒప్పుకుంటున్నాను.

---

కొత్త సూది, నవంబరు 14, మధ్యాహ్నం 2.15

నాకు తెలిసింది ఒకటి చెప్పవచ్చా? ‘జేన్ ఐర్’ వింటున్నాను. జేన్ థార్న్‌ఫీల్డ్ అనే బంగళాకు మొదటిసారి వచ్చిన రాత్రి, ఆ ఇల్లు చూసుకునే మిసెస్ ఫెయిర్‌ఫాక్స్ మంట పక్కన అల్లుతూ ఉంటుంది, కాళ్ళ దగ్గర పిల్లి. అప్పటిదాకా జేన్‌కు భయం. నాకూ భయమే. అల్లిక కనిపించగానే ఇద్దరికీ తగ్గింది.

---

పాత అట్టలు, నవంబరు 14, రాత్రి 7.30

ముందుకు వెళ్ళండి, ఇంకొకటి దొరుకుతుంది. జేన్ అన్నీ వదిలి, తిండి లేక, వానలో మూర్ హౌస్ కిటికీ దగ్గరికి వస్తుంది. లోపల హానా అనే పనిమనిషి మేజోడు అల్లుతూ ఉంటుంది. పక్కన ఇద్దరు అక్కచెల్లెళ్ళు నిఘంటువు పెట్టుకుని జర్మన్ పుస్తకం చదువుకుంటూ ఉంటారు. మంట, అల్లిక, పుస్తకం. బయట చీకట్లో ఆకలితో ఉన్న మనిషి వాటిని చూస్తోంది. షార్లట్ బ్రాంటీకి ఇల్లంటే ఆ మూడూ. మా ఇల్లూ ముప్ఫై ఏళ్ళు అలాగే ఉండేది.

---

గోదావరి లేసు, నవంబరు 15, రాత్రి 11.00

ఈ మాట చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. చెబుతాను.

మీరందరూ అల్లికను విశ్రాంతిగా, మనసుకు ఊరటగా రాస్తున్నారు. నాకూ ఇప్పుడు అంతే. మా అమ్మమ్మకు అలా కాదు. మాది నర్సాపురం దగ్గర పల్లె. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడ లేసు పని నేర్పారు. తర్వాత అది విదేశాలకు వెళ్ళే వ్యాపారమైంది. అమ్మమ్మ తొమ్మిదో ఏట లేసు సూది పట్టింది. దారం బంతులు ఏజెంటు ఇచ్చేవాడు, పువ్వుల లెక్కన కూలి. పొద్దున వంట కాగానే అరుగు మీద కూర్చుంటే దీపాలు పెట్టే వేళ దాకా. ఆ బల్లగుడ్డ ఏ దేశంలో ఏ బల్ల మీద పరిచారో ఆమెకు తెలియదు.

మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఈ స్త్రీల మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లో చేసే పని అనే పేరు పెట్టడం వల్లే వీళ్ళకు అంత తక్కువ కూలి ముడుతోందని ఆమె చూపించింది. ‘తీరిక’ అనే మాట ఎంత ఖరీదైనదో ఆ పుస్తకం చదివాక తెలిసింది. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అమ్మమ్మ అప్పటికి లేదు.

కానీ ఆ అరుగు మీద పుస్తకం కూడా ఉండేది. మా పక్కింటి అత్తయ్య ఎనిమిది చదివింది. వారపత్రిక వచ్చిన రోజున ఆమె సీరియల్ పైకి చదివితే ఆరుగురు లేసు అల్లుతూ వినేవారు. కథ మంచి పట్టులో ఆగిపోతే వారమంతా తర్వాత ఏమవుతుందో వాళ్ళే అల్లుకునేవారు. చదివినందుకు అత్తయ్యకు పని వెనకబడేది. అందుకని మిగతా ఆరుగురూ తలా ఒక పువ్వు అల్లి ఆమె లెక్కలో వేసేవారు. మా అమ్మమ్మ చదవగలిగింది తన సంతకం ఒక్కటే. నవలలు మాత్రం నాకంటే ఎక్కువ తెలుసు.

---

ఊలుబంతి, నవంబరు 16, ఉదయం 7.00

తలా ఒక పువ్వు. రాత్రి రెండుసార్లు చదివాను. మీరు చెప్పినందుకు కృతజ్ఞతలు.

జేన్ ఆస్టెన్ ‘పర్‌సుయేషన్’లో మిసెస్ స్మిత్ జబ్బుతో మంచాన పడి ఉన్నప్పుడు, చేతులు కదిలించగలిగిన వెంటనే నర్సు ఆమెకు అల్లిక నేర్పుతుంది. ఆమె చిన్నచిన్న వస్తువులు తయారుచేస్తే ఆ నర్సే వాటిని డబ్బున్న వాళ్ళకు అమ్మిపెడుతుంది, ఆ డబ్బు ఇంకా పేదవాళ్ళకు వెళుతుంది. ఇన్నేళ్ళూ దాన్ని ఊరట కోసం చేసే పనిగానే చదివాను. మీ మాటల తర్వాత ఆ అమ్మకం గురించి ఉన్న వాక్యం దగ్గర ఆగాను.

---

ఉత్తరపు కిటికీ, నవంబరు 17, రాత్రి 12.40

అల్లిక పని భారాన్ని చెప్పిన కథ ఇంకొకటి ఉంది, పిల్లల కథ అనుకుని వదిలేస్తాం. ఆండర్సన్ ‘అడవి హంసలు’, 1838. ఎలీసా పదకొండుగురు అన్నలను హంసల రూపం నుంచి విడిపించడానికి దురదగొండి నారతో పదకొండు చొక్కాలు చేయాలి. అవి పూర్తయ్యేదాకా నోరు విప్పకూడదు. చేతులు బొబ్బలెక్కుతాయి. చివరి చొక్కాకు ఒక చెయ్యి మిగిలిపోతుంది. అందుకని చిన్న అన్నకు ఒక చేతి స్థానంలో హంస రెక్కే ఉండిపోతుంది. రెండో చెయ్యి మిగిలిపోవడం ఎంత నిజమో స్వెట్టర్ అల్లినవాళ్ళను అడగండి.

అలాంటి నార కూడా కల్పన కాదు. నేపాల్ కొండల్లో ‘అల్లో’ అనే దురదగొండి జాతి మొక్క నుంచి ఇప్పటికీ దారం తీస్తారు. ఉడకబెట్టి, కొట్టి, కడిగితే దురద పోతుంది. నా దగ్గర చిన్న చిలప ఒకటి ఉంది. మొదట గరుకుగా ఉన్నా, అల్లేకొద్దీ మెత్తబడుతుంది.

---

ఊలుబంతి, నవంబరు 23, రాత్రి 9.15

దారం దొరికింది. కోఠిలో నాలుగు దుకాణాలు తిరిగాను. ఉన్ని అని చూపించినవి చాలావరకు యాక్రిలిక్. తెలియనివాళ్ళకు చెబుతున్నాను, చిన్న ముక్క కాల్చి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. యాక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. చివరి దుకాణంలో పెద్దాయన లోపలినుంచి ఒక పాత పెట్టె తెచ్చాడు. ఎర్రటి గోధుమరంగు, వెలుతురులో పెడితే మధ్యమధ్య ఊదా పోగులు. ఉత్తరపు కిటికీ గారూ, మీరు చెప్పినట్టే ఉంది.

68 కుట్లతో మొదలుపెట్టాను. ఉక్కు సూదులు ఐదు. అల్లుతూ నవల మూడోసారి చదువుతున్నాను. అల్లినంత మేరే చదవాలని నియమం పెట్టుకున్నాను.

ఒక ప్రశ్న మనసును తొలుస్తోంది. మొదటి భాగం చివర, రాత్రి, మిసెస్ రామ్‌సే భర్తతో ఆ మేజోడు పూర్తి చేయలేనని అంటుంది. తర్వాతి భాగంలో ఆమె మరణవార్త బ్రాకెట్లలో ఒక్క వాక్యంగా వస్తుంది. నేను దీన్ని పూర్తి చేయాలా, సూదుల మీదే ఉంచెయ్యాలా?

---

రెండో వరస, నవంబరు 23, రాత్రి 10.00

ఉంచెయ్యండి. పూర్తికాని మేజోడే నవలలోని మేజోడు. పూర్తి చేస్తే అది మామూలు మేజోడు అవుతుంది.

---

ఉత్తరపు కిటికీ, నవంబరు 24, తెల్లవారుజామున 1.20

నా మనసూ అటే ఉంది. చట్రంలో పెట్టి గోడకు తగిలించండి, సూదులతో సహా.

---

గోదావరి లేసు, నవంబరు 24, ఉదయం 9.00

నేను ఒప్పుకోను. ఆ మేజోడు మిసెస్ రామ్‌సేది కాదు, తుంటి నొప్పితో ఉన్న పిల్లవాడిది. మనం ఇన్ని రోజులుగా ఆమె గురించి మాట్లాడుకున్నాం, వాడి గురించి ఎవరూ మాట్లాడలేదు. నవలలో వాడికి పేరైనా గుర్తుండేలా లేదు. సముద్రం మధ్య చలిగాలిలో వాడి కాలు ఇంకా అలాగే ఉంది. పూర్తి చేయండి అక్కా.

---

పాత అట్టలు, నవంబరు 24, సాయంత్రం 6.30

నిన్న అడిగి ఉంటే ఉంచెయ్యమనే వాణ్ణి. మా ఇంట్లో బూడిదరంగు శాలువ అలాగే ఉంది కదా. కానీ గోదావరి లేసు గారి మాట చదివాక ఆ శాలువ బయటికి తీశాను. మా కోడలికి అల్లిక కొద్దిగా వచ్చు. రెండో వరస గారూ, సగంలో ఆగిన అల్లికలో నమూనా ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపట్టడం ఎలా? ఫొటో పంపుతాను.

---

రెండో వరస, నవంబరు 24, సాయంత్రం 6.50

తప్పకుండా పంపండి. పగటి వెలుతురులో, తిరగేసిన వైపు కూడా తీయండి. దారం ఒక్క అంగుళం కనిపించినా సరిపోయే దారం వెతుకుదాం.

---

కొండదారి, నవంబరు 25, రాత్రి 8.40

అడగడానికి మొహమాటంగా ఉంది. మా వైపు డిసెంబరు, జనవరిలో చలి ఎలా ఉంటుందో లంబసింగి పేరు విన్నవాళ్ళకు తెలుసు. మా బడిలో మూడో తరగతి పిల్లవాడు ఒకడున్నాడు. ఎడమకాలు కొంచెం సన్నం, నడక ఇబ్బంది. చలికి ఆ కాలు బిగుసుకుంటుందని ప్రార్థన వేళ రుద్దుకుంటూ ఉంటాడు. గోదావరి లేసు గారి మాట చదివినప్పటినుంచి వాడే కళ్ళ ముందు ఉన్నాడు.

---

ఊలుబంతి, నవంబరు 25, రాత్రి 8.55

మాస్టారూ, కొలతలు పంపండి. రెండు కాళ్ళవీ విడివిడిగా. మోకాలి కింద చుట్టుకొలత, పిక్క, చీలమండ, మడమ నుంచి బొటనవేలి దాకా. టేపు లేకపోతే దారంతో కొలిచి ముడులు వేసి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టండి. మోకాలి కింద నుంచి నేల దాకా పొడవు ముఖ్యం.

---

కొండదారి, నవంబరు 27, సాయంత్రం 4.30

కొలిచాను. కుడి పిక్క 25, ఎడమది 21 సెంటీమీటర్లు. చీలమండలు 18, 17. పాదాలు 19, 18. మోకాలి కింద నుంచి నేలకు 31. వాడు కదలకుండా నిలబడ్డాడు. ఇది ఎవరి కోసమని అడిగాడు. నీకే అన్నాను.

---

ఊలుబంతి, నవంబరు 27, రాత్రి 10.30

కుడికాలిది 68 కుట్లతో సరిపోతుంది. ఎడమకాలికి 58 తో వేరేగా మొదలుపెడతాను. పైపట్టీ కొంచెం పొడవుగా పెట్టి మడిచేలా చేస్తాను.

ఇప్పటిదాకా అల్లినదాన్ని మీ కొలతకు ఆనించి చూశాను. మడమ తిప్పే చోటికి వచ్చేశాననుకున్నాను. ఇంకా రెండు అంగుళాలు పొట్టిగా ఉంది. రేపు అదే అల్లుతాను. నవలలో పడవ బయలుదేరే చోట ఆగి ఉన్నాను.